పదమూడో సీసా

పొద్దున ల్యాబ్‌కి రాగానే బ్యాగు కూడా దించకుండా స్క్రీన్ చూశాను. రాత్రి 0.91 వోల్టుల దగ్గర వదిలి వెళ్లిన ఫ్యూయల్ సెల్, అంటే హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కరెంటు పుట్టించే పరికరం, 0.7కి జారిపోయి ఉంది. మొదలుపెట్టి 312 గంటలు. 90 డిగ్రీల వేడిలో, 30 శాతం తేమలో, కరెంటు తీసుకోకుండా 500 గంటలు నిలబడాల్సిన పరీక్ష ఇది. పని చేయించేటప్పటికన్నా ఇలా ఊరికే ఉంచినప్పుడే లోపల ఆ రెండు వాయువులనీ విడిగా ఉంచే పాలిమర్ పొర తొందరగా పాడవుతుంది.

హైడ్రోజన్ ఆపి, నైట్రోజన్ పంపి, చల్లారాక బోల్టులు విప్పాను. కార్బన్ పేపర్ మెల్లగా ఒలిచి పొరని కిటికీ వెలుతురుకి పట్టాను. నల్లటి పూత మధ్య, గ్యాస్ లోపలికొచ్చే మూలన, సూది మొనంత వెలుగు. పొర మందమే 25 మైక్రాన్లు, తల వెంట్రుకలో సగం కూడా ఉండదు.

నోట్‌బుక్ తిరగేస్తే మనసు చివుక్కుమంది. సెల్ నుంచి వచ్చే ఆవిరి చల్లారిన నీళ్లని రోజూ ప్లాస్టిక్ సీసాలో పట్టి ఫ్లోరైడ్ కొలుస్తాం. గాజు సీసా వాడం, ఫ్లోరైడ్ దాన్ని తినేస్తుంది. తొమ్మిదో రోజు నుంచే ఆ అంకె పెరుగుతూ వచ్చింది. వోల్టేజీ బాగానే ఉంది కదా అని నేను పట్టించుకోలేదు.

పొరలోంచి కొద్దికొద్దిగా దాటే వాయువుల వల్ల లోపల హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దానికి ఇనుము తోడైతే పుట్టే రాడికల్స్, అంటే దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువు ముక్కలు, టెఫ్లాన్ లాంటి ఆ పాలిమర్ గొలుసుని కొరుక్కుంటూ పోతాయి. తెగిన ముక్కలే నీళ్లలో ఫ్లోరైడ్‌గా కనబడతాయి. కిందటి నెల తేమ పంపే పైపుకి మామూలు స్టీలు జాయింటు వేశాం. ఇవాళ విప్పితే లోపల తుప్పు. ఇంకా రుజువు కాలేదు కానీ నా అనుమానం దాని మీదే. తర్వాతి సెల్‌కి సీరియం అనే లోహం కలిపిన పొర వేస్తున్నాం, అది రాడికల్స్‌ని పట్టి ఆపుతుంది. జాయింటు మాత్రం ముందు మార్చాలి.

మాది నల్గొండ వైపు. ఫ్లోరైడ్ అన్న మాట నాకు కెమిస్ట్రీ పుస్తకం కన్నా ముందే తెలుసు. బోరు నీళ్లలో, మా పళ్ల మీది గోధుమ రంగు మచ్చల్లో, పక్కింటి తాత వంగిన కాళ్లలో. అక్కడ కూడా నీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "ఏం బిడ్డా, గొంతు గట్లున్నది?" అంది. సెల్ పోయిందని చెప్పాను. ఫోన్ పోయిందనుకుని కంగారుపడింది.

పదమూడో సీసా ఇంకా కొలవలేదు. మూత గట్టిగా బిగించి, పేరూ తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను. రేపు ముందు అదే.