గోపాల్‌పూర్ ఒడ్డున గాలం

బరంపురంలో ఉంటూ ఆదివారం సముద్రానికి పోకపోతే మా పిల్లలు ఊరుకోరు. గోపాల్‌పూర్‌లో గాలం వేయడం మామయ్య దగ్గర నేర్చుకున్నా. "దూరం విసరడం గొప్ప కాదురా, అల విరిగే చోటుకీ ఒడ్డుకీ మధ్య లోతుగా గాడి ఉంటుంది, చేప అక్కడే తిరుగుద్ది" అంటాడు. రొయ్య ముక్క, సీసం గుండు చాలు. పిల్లలకి మాత్రం చేపలకన్నా ఇసుకలో పీతలే ముద్దు.

తాబేళ్ల కాలంలో రుషికుల్య నది ముఖద్వారం వైపు వెళ్తాం. ఆలివ్ రిడ్లీలు గుంపులుగా వచ్చి గుడ్లు పెడితే, సుమారు 45-50 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడెక్కితే ఆడవే ఎక్కువ పుడతాయంటే మా అమ్మాయి ఇప్పటికీ నమ్మదు. వెలుతురు ఎటుంటే అటే పాకుతాయి, అందుకే అక్కడ సెల్‌ఫోన్ లైట్లు వేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వైపు మేం గాలం పట్టుకెళ్లం.