చిల్లర డబ్బాలో మింట్ ఎర్రర్ల వేట

ఖమ్మంలో మా బాబాయి కిరాణా కొట్టు నడుపుతాడు. పది రూపాయల బిళ్లలు అక్కడ పేరుకుపోతూ ఉంటాయి. మొత్తం 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పినా, "ఇది వద్దు, నోటియ్యి" అనేవాళ్లు తగ్గలేదు. ఆ డబ్బాకి పిన్ని పూజగదిలో దాచిన చిల్లర కూడా కలిపి, "మింట్‌లో తప్పు పడ్డవి ఏమన్నా ఉన్నాయేమో చూడరా" అని నా ముందు పోశారు. మింట్ అంటే నాణేలు తయారుచేసే చోటు. అక్కడే తప్పుగా తయారై బయటికొచ్చిన బిళ్లల్ని మింట్ ఎర్రర్లు అంటారు, నాణేలు సేకరించేవాళ్లు వెతికేది వీటినే.

బాబాయి ఆశంతా వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ల మీదే. లక్షలిస్తారని వాట్సాప్‌లో వచ్చిందట. అది 2012లో ప్రభుత్వమే విడుదల చేసిన స్మారక నాణెం, అందులో తప్పేమీ లేదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరుతో కమీషన్లు, పన్నులు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది. ఇది చెప్పాక బాబాయికి సగం ఉత్సాహం పోయింది.

నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే. మింట్‌లో లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు, అంచు కాస్త పైకి లేపుతారు, చుట్టూ కాలర్ అనే రింగు ఉండగా రెండు డైల (బొమ్మ, అక్షరాలు ఉన్న ఉక్కు అచ్చుల) మధ్య పెట్టి ముద్ర కొడతారు. నాణెంలో వింత కనిపిస్తే, వీటిలో ఏ దశలో అలా జరిగి ఉంటుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది బయటికొచ్చాక తగిలిన దెబ్బే. సుత్తి దెబ్బలు, రైలు పట్టాల మీద నలిగినవి, యాసిడ్‌తో పల్చబడినవి ఇలాగే పక్కకెళ్లాయి. అనుమానం వస్తే నగల కాటా మీద పెట్టా. 2019కి ముందువైతే పది రూపాయలది 7.71 గ్రాములు, పసుపు రంగు ఐదు 6 గ్రాములు, లావుపాటి పాత తెల్ల ఐదు 9 గ్రాములు ఉండాలి.

సంవత్సరం కింద ఏ మింట్‌దో చెప్పే గుర్తు లేకపోతే ఎర్రర్ అనుకునేవాళ్లు చాలామంది. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ మింట్, వజ్రం ఆకారం ముంబై, చుక్క నోయిడా. ఏమీ లేకపోతే అది కోల్‌కతాది, అంతే.

తర్వాత డై తిరిగిందేమో చూశా. సింహాల వైపు నిటారుగా పెట్టి, అంచులు పట్టుకుని పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పితే రెండో వైపు కూడా నిటారుగానే రావాలి. పక్కకి ఒరిగినా, తలకిందులైనా డై తిరిగినట్టు. కొద్దిపాటి వంపు మన నాణేల్లో మామూలే, దానికెవరూ డబ్బులివ్వరు. డబ్బాలో అమెరికా క్వార్టర్లు కూడా ఉన్నాయి. అవన్నీ తలకిందులుగానే వచ్చాయి. వాళ్ల పద్ధతే అది, ఎగిరి గంతేయక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది అంచు దగ్గర ఒంపుగా ముక్క తెగిన రూపాయి. మూతతో పూరీలు కోసేటప్పుడు పక్క రంధ్రం మీదికి మూత జరిగితే పూరీ ఎలా తెగిపోతుందో, ఇదీ అంతే. ఆకురాయితో అరగదీసిన దొంగ ముక్కకీ దీనికీ తేడా ఎదుటి అంచులో తెలుస్తుంది. అసలైన దాంట్లో తెగిన చోటుకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా పల్చగా, సరిగా లేవకుండా ఉంటుంది. అంచు లేపే మిషన్‌లో ఒకవైపు ఖాళీ ఉంటే రెండోవైపు ఒత్తిడి పడదు మరి. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. భూతద్దంలో అది కనిపించగానే బాబాయిని కేకేశా.

అక్షరాలు రెండుగా కనిపించేవి మాత్రం విసిగించాయి. డై తయారుచేసేటప్పుడే దాని మీద బొమ్మ కాస్త పక్కకి జరిగి రెండుసార్లు పడితే రెండో గీత కూడా గుండ్రంగా, మొదటిదానంత ఎత్తుగా ఉంటుంది. కొట్టేటప్పుడు డై అదిరితే పక్కన చదునైన మెట్టులా వస్తుంది. నాకు దొరికినవన్నీ ఈ రెండో రకమే. వీటికి విలువ లేదు.

ఇక పిన్ని చిల్లర. పసుపు, కుంకుమ, దీపం నూనె పట్టేసి ఉన్నాయి. "చింతపండేసి తోమితే తళతళలాడవూ?" అంది. "పిన్నీ, అలా తోమితే ఇంక ఎవరూ కొనరు" అన్నా. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్, వంటసోడా, ఇవన్నీ మురికితో పాటు లోహాన్నీ తినేస్తాయి లేదా గీస్తాయి. ముద్ర కొట్టినప్పుడు వచ్చిన మెరుపు ఒకసారి పోతే తిరిగి రాదు.

ముందు డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టా. మట్టి వదిలింది కానీ నూనె, పసుపు వదల్లేదు. పసుపు రంగు నీళ్లలో కరగదు కదా. గాజు గిన్నెలో అసిటోన్ పోసి వేస్తే అది పచ్చగా మారిపోయింది. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో సువాసనలు, నూనెలు కలుపుతారు. కొన్ని ప్లాస్టిక్ గిన్నెలైతే అసిటోన్‌కి కరుగుతాయి. కిటికీలు తీసి, పూజగది దీపానికి, గ్యాస్ పొయ్యికి దూరంగా బాల్కనీలో ఈ పని పెట్టుకున్నా, ఎందుకంటే దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. తర్వాత మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, మెత్తటి నూలు బట్ట మీద ఉంచి అద్దా. రుద్దలేదు.

హైదరాబాద్‌లో నాణేల వ్యాపారికి చూపిస్తే ముక్క తెగిన రూపాయికి మాత్రమే ధర చెప్పాడు. బాబాయి అమ్మనన్నాడు. ఒక ఐదు రూపాయల బిళ్ల మాత్రం తేలలేదు. సింహాల వైపు అక్షరాలు సగం లేవు. అరిగిపోతే ముందు ఎత్తుగా ఉన్న సింహాలు అరగాలి, అవి పదునుగానే ఉన్నాయి. డైలో గ్రీజు నిండి ఉంటుందని నా అనుమానం. అచ్చం అలాంటిదే ఇంకోటి దొరికితే పక్కపక్కన పెట్టి చూద్దామని, విడిగా కాగితం కవర్లో వేసి ఉంచా.