మూడు దీపాల టాట్రా

అట్లాంటా నుంచి నాష్‌విల్‌కు దాదాపు 400 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయల్దేరాను. దారిలో చాటనూగా ఊరు దాటాక టైమ్ జోన్ మారి గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది. ఆ గంట కూడా మ్యూజియంలో కార్ల మధ్యే గడపవచ్చని సంబరపడ్డాను.

నాష్‌విల్‌లోని లేన్ మోటార్ మ్యూజియం ఒకప్పుడు రొట్టెల కర్మాగారం. 2003లో మ్యూజియంగా తెరిచారు. ఇక్కడ ఐరోపా కార్లదే రాజ్యం. చాలా బండ్లను నడిచే స్థితిలోనే ఉంచుతారు. విజయవాడ ఆటోనగర్‌లో నాన్న షెడ్డులో పెరిగినవాణ్ని, మోగని ఇంజిన్‌ను చూస్తే నాకు దిగులు. అందుకే ఈ చోటంటే ఇంత ప్రేమ.

మొదట పీల్ పీ50 దగ్గర ఆగిపోయాను. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 1960లలో తయారైన మూడు చక్రాల బండి. పొడవు 137 సెంటీమీటర్లు, బరువు 59 కిలోలు. ఒకే తలుపు, ఒకే దీపం, 49 సీసీ ఇంజిన్. రివర్స్ గేరు లేదు. వెనక పిడి పట్టుకుని ఎత్తి, తిప్పుకోవడమే! అక్కడికి కొంత దూరంలో 1932 నాటి ఫ్రెంచి కారు హెలిక్రాన్. దాన్ని ముందుకు లాగేది చెక్క ప్రొపెల్లరు. స్టీరింగు తిప్పితే మళ్లేవి వెనక చక్రాలు.

కానీ నేను అంత దూరం వెళ్లింది టాట్రా టీ87 కోసం. చెకొస్లొవేకియాలో హాన్స్ లెడ్వింకా నేతృత్వంలో పుట్టిన కారు. ముందు మూడు దీపాలు, నీటిబొట్టులా సాగిన ఒళ్లు, వీపు మీద చేప రెక్కలాంటి రేకు. 1930లలోనే గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆ వంపులు గాలిని చీల్చడానికే, అందం కోసం కాదు. అయినా అంత అందమైన కారును నేను మరొకదాన్ని చూడలేదు.

ఉండబట్టలేక నాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి పదకొండు.

"ఇంజిన్ ఎక్కడరా?"

"వెనక, నాన్నా. ఎనిమిది సిలిండర్లు. రేడియేటరు లేదు, గాలితోనే చల్లబడుతుంది."

నాన్న లేచి కూర్చున్నారు. జీవితమంతా స్కూటర్లు విప్పి బిగించిన మనిషి. గాలితో చల్లబడే ఇంజిన్ ఆయనకు కొత్త కాదు, కానీ ఎనిమిది సిలిండర్లా!

"వెనక దాక్కున్న ఇంజిన్‌కు గాలి ఎటునుంచి వస్తుంది?"

పక్క కిటికీల వెనక చెవుల్లా పొడుచుకొచ్చిన గాలి దారులు చూపించాను. మామూలు కార్లలో వెనక అద్దం ఉండే చోట ఉన్న చీలికలు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరకు లాక్కున్నారు.

"ఇంకోసారి వెనక్కి వెళ్లు. ఈసారి నెమ్మదిగా చూపించు" అన్నారు.

టాట్రా చుట్టూ మూడోసారి నడిచాను.