ఒక కంటికి తెలుపు, ఒక కంటికి పసుపు

కిందటి మాఘమాసంలో శ్రీకాకుళంలో మా అమ్మకు కుడికంటి శుక్లం తీయించి ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి తీసుకువచ్చాము. వచ్చిన రెండో వారంలో ఆమె తన పెట్టెలోని చీరలన్నీ మంచం మీద పరిపించుకుని, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూడసాగింది. వాటిలో పదేళ్ళుగా ఆమె ఆకుపచ్చదని చెప్పుకుంటూ కట్టుకుంటున్న చీర ఒకటి ఉంది. "ఇదేటిరా, ఇది నీలం చీర కదా, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?" అని నన్ను అడిగింది. మేము చాలాసార్లు చెప్పాము. ఎనభై దాటిన మనిషితో రంగుల గురించి వాదించడమెందుకని కొన్నాళ్ళకు చెప్పడం మానేశాము.

ఆ చీర నన్ను చాలా రోజులు వదల్లేదు. మన కంటిలోని కటకం (లెన్స్) చిన్నతనంలో దాదాపు రంగు లేకుండా ఉండి, వయసు పెరిగేకొద్దీ పసుపు బారుతూ, లోపలికి వచ్చే వెలుతురులో నీలాన్ని అడ్డుకుంటూ ఉంటుంది. కంటిపాప కూడా మునుపటంత విచ్చుకోదు కాబట్టి సాయంత్రమయ్యేసరికి ఇల్లు చీకటిగా తోస్తుంది. ఈ మార్పు ఏళ్ళ తరబడి చాలా మెల్లగా జరగడం వల్ల మనసు దానికి అలవాటు పడిపోయి, చూపు మారిన సంగతి ఆ మనిషికే తెలియదు. చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో శుక్లం తీయించుకున్న తరువాత తనకు అన్నీ నీలంగా కనిపిస్తున్నాయని బాధపడ్డాడు. రంగులతోనే బతికినవాడికి కూడా తన కన్ను ఎంత పసుపు బారిందో అంతవరకూ తెలియలేదంటే, మా అమ్మ తెలుసుకోలేకపోవడంలో వింత ఏముంది?

చత్వారం అనే మాటలోనే మనవాళ్ళు వయసును పెట్టారు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసు దాటేసరికి కటకం బిగుసుకుపోయి, దగ్గరి వస్తువు కోసం వంపు మార్చుకునే శక్తిని పోగొట్టుకుంటుంది. నాకు అది వచ్చిన రోజుల్లో దినపత్రికవాళ్ళు అక్షరాలను చిన్నవి చేశారని నేను నిజంగానే నమ్మాను. ఇంద్రియం తగ్గుతున్నప్పుడు తగ్గుతున్నది ఇంద్రియమని మనకు తోచదు, లోకంలోనే ఏదో కొరవడిందని తోస్తుంది. ముసలివాళ్ళు ప్రతిదానికీ గొణుగుతారని పిల్లలు అనుకోవడానికి, పిల్లలకు దేని మీదా శ్రద్ధ లేదని ముసలివాళ్ళు అనుకోవడానికి చాలావరకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

మా ఇంట్లో ఈ తగవు ఉప్పు దగ్గర వచ్చింది. కోడలి చేతి వంటలో రుచి పోయిందని అమ్మ రెండేళ్ళపాటు రోజూ అంటూనే ఉంది. ఆనపకాయ పులుసు ముందు పెడితే ఒక ముద్ద తిని, ఉప్పు గిన్నె తెమ్మనేది. అమ్మ రక్తపోటు మనిషి కాబట్టి నా భార్య తెచ్చేది కాదు, అమ్మ చేయి కడిగేసుకునేది. ఇద్దరి మధ్యా నేను నిలబడి, తప్పు ఎవరిదో తేల్చడానికి ప్రయత్నించేవాణ్ణి. తప్పు ఎవరిదీ కాదని తెలుసుకోవడానికి అంతకాలం పట్టినందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాను. వయసుతో వాసన పట్టే శక్తి బాగా తగ్గుతుంది. మనం రుచి అనుకునేదానిలో చాలా భాగం వాసనే కాబట్టి, ఇంగువ పోపు వాసన ఇల్లంతా నిండినా ఆమెకు ఆ పులుసు చప్పగానే ఉంటుంది. ఇప్పుడు ఉప్పు పెంచకుండా చింతపండు, మిరియాలు, కొత్తిమీర పెంచుతున్నాము. దాహం కూడా ఇలాగే మొద్దుబారుతుంది. మే నెలలో ఒంట్లో నీరు తగ్గినా నోరు ఎండిన సంగతి వాళ్ళకు తెలియదు కాబట్టి, అడిగితే ఇద్దామని కూర్చోకుండా వేళకు గ్లాసెడు నీళ్ళు మనమే చేతికి ఇవ్వాలి.

నా వంతు చెవులది. యాభై ఏళ్ళుగా ఒడియా మాట్లాడుతున్నవాణ్ణి, ఈమధ్య బజారులో కోడిగుడ్డు ధర అడిగితే అమ్మాయి "సాత టంకా" అంది, నాకు "ఆఠ" అని వినిపించింది. ఏడు రూపాయలకు ఎనిమిది చొప్పున ఇచ్చాను, ఆ పిల్ల మిగిలిన డబ్బు తిరిగి నా చేతిలో పెట్టింది. లోపలి చెవిలో సన్నని ధ్వనులను పట్టే కణాలు ముందుగా పోతాయి, పోయినవి మళ్ళీ పుట్టవు. అచ్చులు మంద్రంగా, బలంగా ఉంటాయి కాబట్టి నిలుస్తాయి, సకారం వంటి హల్లులు జారిపోతాయి. అందుకే గొంతు వినిపిస్తుంది గాని మాట తెలియదు. ఆ పిల్ల "ఏడు" అని తెలుగులో చెప్పి ఉంటే, సగం విన్నా మిగతా సగం నా మనసు పూరించి ఉండేది. తరువాత నేర్చిన భాష కన్నా పుట్టిన భాష ముసలి చెవికి ఎక్కువ సాయం చేస్తుంది.

మా ఊళ్ళో చెవుడు మాట వస్తే, ఇక్కడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాకమానరు. సవరలనే గిరిజనుల భాష నేర్చుకోవడానికి మన్యంలో తిరిగినప్పుడు ఆయనకు మలేరియా తగిలి, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఆయన చెవుడు వయసు తెచ్చినది కాకపోయినా, వినడమే పనిగా పెట్టుకున్న మనిషి వినికిడి పోయాక కూడా ఆ భాషను వదలక 1931లో సవర వ్యాకరణాన్ని అచ్చు వేయించగలిగారంటే, వినడంలో చెవి పాలు ఎంత, మనసు పాలు ఎంత అని నేను మళ్ళీ మళ్ళీ ఆలోచిస్తూ ఉంటాను.

కాలం సంగతి వేరు, దానికి ఇంద్రియమే లేదు, అయినా వయసు పెరిగేకొద్దీ అది తొందరగా గడిచిపోతున్నట్టు తోస్తుంది. 1900లో నౌపడ నుంచి మా ఊరికి వేసిన చిన్న రైలులో, పదేళ్ళ వయసులో అమ్మమ్మగారి ఊరు టెక్కలి వెళ్ళడం నాకు ఒక పూర్తి రోజుగా జ్ఞాపకం ఉంది. పాతపట్నంలో కొన్న నేరేడు పళ్ళు, టెంబూరు దాటాక కంట్లో పడిన బొగ్గు నలుసు, అమ్మ కొంగు ఊది నా కంటికి కాపడం పెట్టడం, అన్నీ ఉన్నాయి. పెద్ద లైను వచ్చిన తరువాత ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు, ఒక్క ప్రయాణమూ గుర్తు లేదు. పదేళ్ళవాడికి ఏడాది అంటే బతుకులో పదో వంతు, యాభై ఏళ్ళవాడికి యాభయ్యో వంతు అని 19వ శతాబ్దిలోనే పోల్ జానె అనే ఫ్రెంచి తత్త్వవేత్త లెక్క చెప్పాడు. లెక్క కన్నా కొత్తదనం లేకపోవడమే నాకు సరైన కారణంగా కనిపిస్తుంది.

అమ్మకు ఎడమకంటి శుక్లం ఇంకా తీయించలేదు. ఒక రోజు నడవలో కూర్చుని, ఒక కన్ను అరచేత్తో మూసి, తరువాత రెండోది మూసి, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కనిపించింది. కుడికంటికి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉందట, ఎడమకంటికి దీపం పెట్టిన వేళలా పసుపుపచ్చగా ఉందట. "మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ గోడ ఇలాగే ఉండేదిరా" అంది, ఎడమకంటితో చూస్తూ. మార్గశిరంలో ఆ కంటికి కూడా చేయిద్దామని అనుకున్నాము, ఆమె సరేనంది. ఆ మాట వచ్చినప్పుడల్లా కుడికన్ను మూసుకుని గోడ వైపు ఒకసారి చూస్తుంది.