మ్యాగజైన్‌లో కాటుక

"ఇందులో నూనె ఎవరు పోసింది?"

టెక్సస్‌లో నేను పనిచేసే షూటింగ్ రేంజిలో మేనేజరు అడిగింది ఇంతే. గొంతు కూడా పెంచలేదు. నేను శ్రద్ధగా తుడిచి పెట్టిన షాట్‌గన్ ప్లాస్టిక్ మ్యాగజైన్‌లోకి, అంటే తూటాలు నింపే డబ్బాలోకి, తెల్లగుడ్డ చుట్టిన వేలు దూర్చి, బయటికి తీసి చూపించినాడు. గుడ్డ మీద నల్లగా, నున్నగా, కాటుక. దీపం మసిలో ఆముదం కలిపితే ఏమవుతుందో మన ఇళ్ళలో ఎవరిని అడిగినా చెప్తారు. నేను కాలిన మందు మసిలో గన్ ఆయిల్ కలిపినాను, అంతే తేడా.

తప్పు నాదే. కానీ చిత్తూరు వైపు కుట్టుమిషనుకు, బీరువా తాళానికి, సైకిలు చెయినుకు నూనె పెట్టనివాడిని సోమరి అంటారు గదా. లైసెన్సు తుపాకీ ఉన్న ఇంట్లోనూ అంతే. డబుల్ బ్యారెల్ విరిచి, గొట్టంలో పుల్‌త్రూ (గుడ్డ కట్టిన తాడు) లాగి, నూనెగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిచి లోపల పెడతారు. ఎన్నికలొస్తే అదే నూనె వాసనతో పోలీస్ స్టేషన్‌లో అప్పగిస్తారు. అదంతా ఇనుము, కట్టె. దానికి మ్యాగజైనే ఉండదు. నూనె వద్దనే వస్తువును నేను చూసింది ఇక్కడికొచ్చినాకే.

ముందు ఒక హెచ్చరిక. స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి వాటి మీద వచ్చినవాళ్ళు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి లాయరును అడిగి తెలుసుకోండి. గ్రీన్‌కార్డు వాళ్ళకు ఈ అడ్డు లేదు.

ఇక్కడ ఎక్కువగా కనిపించే షాట్‌గన్లలో తూటాలు బ్యారెల్ కింది గొట్టంలోకి పోతాయి. నేను చెప్పేది విడిగా ఊడొచ్చే డబ్బా మ్యాగజైన్ గురించి. రష్యా సైగా-12, వెప్ర్-12, టర్కీ నుంచి వచ్చే సెమీ ఆటోమేటిక్‌లు ఆ రకం. 12 గేజ్ తూటా ఒళ్ళంతా ప్లాస్టిక్, అడుగున మాత్రం లోహపు టోపీ, దానికి బయటికి పొడుచుకొచ్చిన అంచు. ఆ అంచుతోనే తంటా. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు వైపు ఉండాలి. వెనక పడిందా, రెండూ కొక్కెం వేసుకుని కూర్చుంటాయి. రేంజికొచ్చి "మ్యాగజైన్ పాడైంది" అనేవాళ్ళలో చాలామందిది ఈ తప్పే.

విప్పే ముందు తూటాలన్నీ తీసి, వేరే బల్ల మీద పెట్టండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. చాలా మోడళ్ళలో అడుగు పలక మధ్యలో చిన్న రంధ్రం, అందులోంచి తొంగిచూసే బొడిపె ఉంటాయి. మొండి పుల్లతో బొడిపె నొక్కి పట్టి పలకను జరపాలి. బొటనవేలు ఆనించే ఉంచండి, లేకపోతే స్ప్రింగు సీలింగు ఎక్కుతుంది. స్ప్రింగు బయటికి తీసే ముందే, దాని పై చుట్ట ఫాలోయరుకు (స్ప్రింగు మీద కూర్చుని తూటాలను పైకి తోసే ముక్క) ఏ వైపు తగులుకుందో ఫోన్లో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే ఫాలోయరు ముక్కు వంచుతుంది, దాంతోపాటు తూటా ముక్కూ వంగి ఛాంబరు (కాల్చే ముందు తూటా కూర్చునే చోటు) కింద గుద్దుకుంటుంది.

గోరువెచ్చని నీళ్ళు రెండు లీటర్లు, గిన్నెలు తోమే ద్రవం ఒక చెంచా. డబ్బా, ఫాలోయరు, అడుగు పలక పావుగంట నానబెట్టి, పాలసీసా కడిగే బ్రష్‌తో రుద్దండి. ఫాలోయరు జారే గాళ్ళలో, పైన తూటాను పట్టి ఉంచే రెండు అంచుల లోపలి వైపున మసి పేరుకుంటుంది. అక్కడికి పాత టూత్‌బ్రష్ పోతుంది. ఎర్ర తూటాలు వాడినవాళ్ళకు గాళ్ళలో ఎర్రటి పొట్టు, మిరపకాయ తోలంత సన్నది, కనిపించవచ్చు. తూటా ఒంటిని ఏదో గీకుతున్నదని అర్థం. ఆ అంచు మీద వేలు పోనిచ్చి చూడండి.

తర్వాత తిరగేసి నిలబెట్టి, ఒక రోజంతా ఆరనివ్వాలి. డబ్బా ఎక్కువగా గాజు పోగులు కలిపిన నైలాన్‌తో చేస్తారు. నైలాన్ కొంచెం తేమ తాగుతుంది, దాని వల్ల నష్టం లేదు. బాగా ఎండిన నైలానే పెళుసు. కాబట్టి ఓవెన్‌లో పెట్టే తెలివి వద్దు. తేమతో చచ్చేది స్ప్రింగు. దాన్ని పొడిగుడ్డతో తుడిచి, గుడ్డకు ఒక్క చుక్క నూనె అద్ది పైపైన లాగి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచేయండి. చేతికి జిడ్డు తగలకూడదు. నూనెకు ఇక్కడ దక్కే చోటు ఇంతే. నూనె వల్ల నైలాన్ కరిగిపోదు, మేనేజరు కోపం అందుకు కాదు. జిడ్డుకు మసి, దుమ్ము అంటుకుని ఫాలోయరు నీరసంగా లేస్తుంది, తూటాను ఛాంబరులోకి తోసే బోల్టు ముందుకొచ్చే లోపల తూటా పైకి అందదు. తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు దాకా నూనె పాకితే అది పేలకపోనూ వచ్చు.

బ్రేక్ క్లీనరు, అసిటోన్ మాత్రం నైలానా మరొకటా అని ఆలోచించకుండా దూరం పెట్టండి. లోపల తూటాలు కనపడే పారదర్శక రకం చాలావరకు పాలికార్బొనేట్. అసిటోన్ తగిలితే సాలెగూడు లాంటి పగుళ్ళొస్తాయి. స్క్రూలకు పూసే థ్రెడ్‌లాకరు, డీట్ ఉన్న దోమల మందు కూడా దానికి పడవు.

ఆరినాక బిగించి, కట్టెపుల్లతో ఫాలోయరును అడుగుదాకా నొక్కి మెల్లగా వదలండి. ఎక్కడా ఆగకుండా, పక్కకు ఒరగకుండా పైకి రావాలి. డమ్మీ తూటాలు నాలుగైదు పెట్టి చేత్తో ఆడించి చూస్తే ఇంకా మంచిది.

నిండా నింపి నెలలు దాచితే స్ప్రింగు చచ్చిపోతుందని అందరూ భయపడతారు. మంచి స్ప్రింగు అరిగేది నొక్కుతూ వదులుతూ ఉంటేనే. ఊరికే నొక్కి ఉంచితే దానికి పెద్దగా ఏమీ కాదు. లొంగేవి ప్లాస్టిక్ అంచులు, వాటితోపాటు తూటాలు. రోజుల తరబడి ఒత్తిడిలో ఉంటే అంచులు కొంచెం కొంచెంగా విచ్చుకుంటాయి, గుండ్రటి తూటా చపాతీ కర్ర కింద పడినట్టు కోలగా అవుతుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీదైతే ఇది మరీ తొందరగా జరుగుతుంది. ఖాళీగా దాచండి. కొత్తగా ఉన్నప్పుడే రెండు అంచుల మధ్య దూరం కాలిపర్‌తో కొలిచి రాసిపెట్టుకుంటే, ఎంత విచ్చుకుందో తర్వాత తెలుస్తుంది.

నిండు మ్యాగజైన్ కాంక్రీటు మీద పడితే లైటు వేసి అంచుల మొదట్లో చూడండి. నైలాన్ విరిగే ముందు అక్కడ తెల్లటి గీత పడుతుంది. మా రేంజిలో ప్రతి మ్యాగజైన్‌కూ పెయింటు పెన్నుతో నంబరు వేస్తారు. ఒకే నంబరు రెండుసార్లు మొరాయిస్తే స్ప్రింగు మారుస్తారు, గీత కనిపిస్తే చెత్తబుట్టలో వేస్తారు. ఇది నాకింకా మింగుడుపడదు. చిన్న గీతకు అంత వస్తువును పారేస్తే మా ఊళ్ళో ఊరుకుంటారా? ఫెవిక్విక్ వేస్తాం, ఎం-సీల్ పెడతాం, దారం చుడతాం. ఫెవిక్విక్, ఎం-సీల్ నైలాన్‌ను గట్టిగా పట్టవని, ప్రతి షాటుకూ దెబ్బ పడే చోటు అదేనని బుద్ధికి తెలుసు. చెయ్యే, బుట్ట మీద ఒక్క క్షణం ఆగుతుంది.

మ్యాగజైన్‌లో పేరుకునే ఆ మసిలో సీసం ఉంటుంది. గ్లవ్స్ వేసుకోండి, వంటింటి సింకులో కడగొద్దు, నానబెట్టిన బేసిన్ మళ్ళీ బియ్యం కడగడానికి వాడొద్దు. ఎండిన మసిని ఎయిర్ గన్‌తో ఊదితే నేరుగా ఊపిరిలోకి పోతుంది, తడిగుడ్డతో తుడవండి. పని అయినాక సబ్బుతో చేతులు కడిగేదాకా పిల్లల్ని ఎత్తుకోవద్దు.

ఆయుధపూజకు బొట్టు పెట్టకుండా ఉండలేనివాళ్ళకు (నాకూ చేతులాగవు): అడుగు పలక కింద పెట్టండి. అంచుల దగ్గర పెడితే పసుపు పొడి గాళ్ళలోకి రాలుతుంది. మర్నాడు తడిగుడ్డతో తుడిచేయండి, నూనెగుడ్డతో కాదు.