ఒకే మంచం, రెండు పరుపులు: కోరాపుట్‌లో నా అనుభవం

మొత్తానికి మా మంచం గొడవ తీరింది. పరుపుల కొట్టతని మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. ఒకరికి చలి, ఒకరికి ఉక్క అని రాత్రంతా దుప్పటి లాక్కునే దంపతులు మా ఒక్క ఇంట్లోనే ఉండరు కదా. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది ఒడిశాలోని గుణుపురంలో, వంశధార ఒడ్డున. అక్కడ ఎండలు దంచేస్తాయి. మా అత్తవారిది కోరాపుట్, అదీ ఒడిశాలోనే. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. పుష్యమాసంలో తెల్లారేసరికి కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి. ఈ చలిలోనే పెరిగిన మా ఆయనకు అప్పుడు కూడా ఫ్యాను తిరగాలి, పలచటి దుప్పటి చాలు, పరుపు గట్టిగా ఉండాలి. నాకు పాదాలు వెచ్చబడితే గానీ నిద్ర పట్టదు. పక్కకి తిరిగి పడుకుంటాను కాబట్టి భుజం, తుంటి కాస్త దిగేంత మెత్తదనం కావాలి. ఆయన వెల్లకిలా పడుకుంటారు, మెత్తటి పరుపు మీద నడుము దిగబడి పొద్దున్నే లేవలేకపోతారు. ఎవరి ఒంటి తీరు వాళ్లది. సర్దుకుపొమ్మని చెప్పేవాళ్లు వచ్చి మా మంచం మీద ఒక రాత్రి పడుకుంటే తెలుస్తుంది.

ముందు దుప్పట్లు వేరు చేశాం. సగం ఇబ్బంది అక్కడే పోయింది. ఆయనకి మా జిల్లాలోని కోట్‌పాడ్ ఊరి నేత దుప్పటి. అక్కడి మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు రంగుతో నేసే నూలు బట్టకి 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గాలి ఆడుతుంది, ఒంటికి అంటుకోదు. నాకు మా అమ్మ పాత నూలు చీరలతో కుట్టిన బొంత, దాని మీద రగ్గు. ఇది చూసి మా అత్తగారు "విడి దుప్పట్లెందుకమ్మా, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అన్నారు. జర్మనీ, డెన్మార్క్ లాంటి చోట్ల మొగుడూ పెళ్లాలు ఒకే మంచం మీద చెరో దుప్పటి కప్పుకోవడం మామూలేనని చెప్పాను. ఆవిడకి అంతగా నచ్చలేదు గానీ మళ్లీ అడగలేదు. అయినా ఒకే దుప్పటి కింద రాత్రంతా విసుక్కుంటూ పడుకుంటే వచ్చే అన్యోన్యం ఏపాటిది?

ఫ్యాను సంగతి ఇంకా తేలిక. సీలింగ్ ఫ్యాను ఆపేసి, ఆయన వైపు చిన్న టేబుల్ ఫ్యాను ఆయన కాళ్ల మీదికి తిప్పి పెట్టాం.

పరుపు దగ్గరే నా ప్రాణం తీశారు.

మా మంచం లోపలి కొలత 78 అంగుళాల పొడవు, 72 అంగుళాల వెడల్పు. అంటే 36 వెడల్పు పరుపులు రెండు పక్కపక్కనే సరిగ్గా పడతాయి. ఆయన వైపు రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు పరుపు, నా వైపు పైన మెత్తటి ఫోమ్ ఉన్నది అనుకున్నాం. మెమరీ ఫోమ్ వద్దని నేనే గట్టిగా అన్నాను. అది వేడికి మెత్తబడి చలికి బిగుసుకుంటుంది, మా ఊరి జనవరికి పనికిరాదు.

మా కొండ దిగితే వచ్చే జయపురంలో పేరున్న కొట్టుకే వెళ్లాం. లోపల జనం బాగానే ఉన్నారు. కొలతలు రాసిన చీటీ ఇచ్చాను. కొట్టతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అందరికీ వినపడేలా "ఏటమ్మా, మొగుడూ పెళ్లాలకి రెండు పరుపులేటి? ఇద్దరికీ మాటల్లేవా యేటి?" అన్నాడు. పనివాళ్లు నవ్వారు. దిండ్లు బేరం చేస్తున్న ఒకావిడ వెనక్కి తిరిగి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. మా ఆయన ముఖం ఎర్రబడింది, బయటికి వెళ్లిపోదామన్నట్టు నా చెయ్యి పట్టుకున్నారు. ఆయనకి నడుము నొప్పి, నాకు భుజం నొప్పి. ఈ రెండు ముక్కలూ ఆ జనంలో చెప్పుకోవలసిన ఖర్మ మాకెందుకు? అప్పులు చేసి, ఆడపిల్లల పెళ్లిళ్లకి మంచాలూ పరుపులూ కొనేది ఇలాంటి కొట్లలోనే. సరుకు అమ్ముకునేవాడికి కొనేవాళ్ల కాపురం గురించి అడిగే హక్కు ఎవరిచ్చారు?

నేను కదల్లేదు. "మాటలున్నాయి కాబట్టే ఇద్దరం కలిసి వచ్చాం. బిల్లు మీద కొలతలు రాయండి" అన్నాను. పొడవు, వెడల్పే కాదు, మందం కూడా రాయించాను. రెండూ 78, 36, 5. బిల్లు చివర "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అని అచ్చేసి ఉంది.

పరుపులు ఇంటికి వచ్చాయి. పక్కపక్కన వేయగానే తేడా కంటికే కనపడింది. టేపు పెట్టి చూస్తే ఆయనది 4 అంగుళాలు, నాది 6. మధ్యలో రెండు అంగుళాల గట్టు. రాత్రి ఆయన నా వైపు తిరిగితే మోచెయ్యి ఆ గట్టుకి తగిలేది. ఫోన్ చేస్తే "మెత్తదాని మీద మనిషి పడుకుంటే కుంగుతాది కదమ్మా, రెండూ ఒక్కలాగే అయిపోతాయి" అన్నాడు. కుంగితే ఒంటి కింద కుంగుతుంది గానీ అంచు ఎందుకు కుంగుతుంది?

మళ్లీ ఘాటీ దిగి జయపురం వెళ్లాం. బిల్లు ముందు పెడితే కింద అచ్చేసిన వాక్యం చూపించాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఆ మాటే చెప్పాను. వినలేదు. అక్కడే నిలబడి 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ కలిపాను. అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఒడియాలోనూ మాట్లాడవచ్చు. మన సరిహద్దు జిల్లాలవాళ్లు ఈ నంబరు తప్పకుండా రాసి పెట్టుకోండి. నేను బిల్లు మీది కొలతలు గట్టిగా చదువుతుంటే ఈసారి జనం నా వైపు కాదు, అతని వైపు చూశారు. ఫోన్ పెట్టేలోగానే మారుస్తానన్నాడు. నోరు తెరిచి అడగడంలో నేను ఎవరికీ తీసిపోనని మా ఆయన ఇంటికొచ్చాక అత్తగారికి చెప్పారు.

ఇప్పుడు రెండూ 5 అంగుళాలే. మధ్య సందులో కాలు పడకుండా ముతక నూలు గుడ్డని పొడవుగా మడిచి దూర్చాం. దాని మీద రెండు పరుపులకీ కలిపి 108 అంగుళాల చదరం దుప్పటి ఒకటే పరిచి, అంచులు కిందికి గట్టిగా దోపాం. 36 వెడల్పుకి సరిపడే ఎలాస్టిక్ కవర్లు ఇక్కడ దొరకడం కష్టం, టైలరుతో కుట్టించుకోవడమే మేలు. కొనేవాళ్లు పరుపు ఇంట్లో దింపుకునే ముందే, డబ్బు మొత్తం ఇవ్వకముందే టేపు పెట్టండి. తెచ్చినవాళ్లు ఎంత తొందరపెట్టినా వినకండి.

మార్చిన పరుపులు తెచ్చిన వ్యాను కిరాయి మాత్రం నా చేతే కట్టించాడు. ఆ రసీదు బిల్లుతో కలిపి పిన్ను కొట్టి ఉంచాను. వచ్చే వారం మా ఆడపడుచు ఇంటికి జయపురం వెళ్తున్నాం, అప్పుడు ఆ డబ్బు కూడా అడిగి తెచ్చుకుంటాను.