ఆల్టో వరుసలో ఏడు నెలలు: మిషన్ బడిలో నా గాన సాధన

గుంటూరులో నేను తెలుగు బోధించే మిషన్ ఉన్నత పాఠశాలలో సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 4.30 నుండి 5.15 వరకు గాయక బృందానికి తరగతి జరుగుతుంది. విద్యార్థులతో పాటు ఉపాధ్యాయులు కూడా చేరవచ్చని ఈ ఏడాది సంగీతం మాస్టారు చెప్పగానే జూన్‌లో నా పేరు ఇచ్చాను. చిన్నతనంలో రెండేళ్లపాటు కర్ణాటక సంగీతపు తొలి పాఠాలైన సరళీ వరుసలు, జంట వరుసలు, కొన్ని గీతాలు నేర్చుకున్నాను గనుక పాట నాకు పూర్తిగా కొత్త కాదు. కాని నలుగురు నాలుగు వేర్వేరు వరుసలు ఒకేసారి పాడే పద్ధతి నాకు బొత్తిగా తెలియదు. అప్పటినుండి నోటుపుస్తకంలో రాసుకుంటున్న వివరాలనే ఇక్కడ క్రమంగా చెబుతున్నాను.

మొదటి రోజు మాస్టారు నా గొంతును పరీక్షించారు. చిన్నప్పుడు నేను ఐదు శ్రుతిలో, అంటే కీబోర్డు మీద జి స్వరాన్ని షడ్జమంగా (స) పెట్టుకొని పాడేదాన్ని. ఆ షడ్జమం నుండి తారస్థాయి (పై స్థాయి) పంచమం (ప) వరకు ఇబ్బంది లేకుండా పలికి, అంతకు పైన గొంతు బిగుసుకుంటున్నందువల్ల నన్ను ఆల్టోలో కూర్చోబెట్టారు. స్త్రీల గొంతుల్లో రాగాన్ని నడిపేది సొప్రానో, దాని కింద నిలబడి సామరస్యాన్ని నింపేది ఆల్టో.

మా బడిలో పాటలను సోల్ఫా లిపిలో, అంటే స్వరాల పేర్లకు గుర్తుగా ఆంగ్లాక్షరాలు వాడే లిపిలో రాస్తారు. ఇంగ్లండులోని నార్విచ్‌కు చెందిన సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయురాలు రూపొందించిన పద్ధతిని 19వ శతాబ్దిలో జాన్ కర్వెన్ సవరించి ప్రచారం చేయగా, మిషనరీలు దానిని అనేక దేశాల బడులకు తీసుకువెళ్లారు. ఐదు గీతల స్వరలిపి రానివారు కూడా దీనిని త్వరగా చదవగలరు. మన స లాగానే ఇక్కడి డో కూడా ఏ శ్రుతికైనా జరుగుతుంది కాబట్టి ఇది నాకు సులువుగా వస్తుందనుకున్నాను. అయితే చిక్కంతా అక్షరాల్లోనే వచ్చింది. డో, రే, మీ, ఫా, సో, లా, టీ అనే పేర్లలో మొదటి ఆంగ్లాక్షరాన్ని మాత్రమే రాస్తారు. కాగితం మీద ఎస్ కనిపించగానే నా నోటికి స వచ్చేది, కాని అది మన పంచమం. ఎమ్ కనిపిస్తే మ పాడేదాన్ని, కాని అది గాంధారం (గ). డి అనేది ద కాదు, షడ్జమం. జూన్ నెలంతా ఈ మూడు అక్షరాలతోనే గడిచింది.

మొదట ప్రతి అక్షరం మీద పెన్సిలుతో తెలుగు స్వరం రాసుకున్నాను. అది పొరపాటు, ఎందుకంటే కన్ను ఆ పై వరుసనే చదువుతుంది తప్ప కింది లిపి ఎప్పటికీ అలవాటు కాదు. ఆ రాతలన్నీ చెరిపేసి, నాకు కంఠస్థమైన సరళీ వరుసలనే డో రే మీ పేర్లతో రోజుకు పది నిమిషాలు పాడాను. మూడు వారాల్లో తడబాటు పోయింది. కర్ణాటక సంగీతం కొంత వచ్చి సోల్ఫా నేర్చుకునేవారికి నేను గట్టిగా చెప్పగల సలహా ఇదే. కాలం గుర్తులు మాత్రం తేలిక: లయలోని ఒక్కొక్క దెబ్బను రెండు చుక్కలు విడదీస్తాయి, బలమైన దెబ్బకు ముందు నిలువు గీత ఉంటుంది, స్వరం సాగితే అడ్డగీత, సగం దెబ్బకు ఒక చుక్క.

జూలై, ఆగస్టు నెలలు వరుస నిలబెట్టుకోవడానికే పట్టాయి. ఆల్టోకు చాలాసార్లు ఒకే స్వరం మీద నాలుగైదు అక్షరాలు వస్తాయి. పక్కన సొప్రానో అందంగా కదులుతుంటే చెవి అటే పోతుంది. ఫోనులో రెండు రికార్డింగులు పెట్టుకున్నాను. ఒకదానిలో కీబోర్డు మీద నా వరుస మాత్రమే, రెండోదానిలో సొప్రానో మాత్రమే ఉంటాయి. నాలుగు రోజులు మొదటిదానితో కలిసి, తరువాత రెండోదాన్ని ఒక చెవిలోనే వింటూ నా వరుస పాడేదాన్ని. ఆగస్టు చివరికి నాలుగు పాటల్లో జారకుండా నిలబడగలిగాను. నోరు సగం తెరచి గాలిని సన్నగా వదిలే అభ్యాసం జూన్‌లో 12 సెకన్లు నిలిచేది, ఇప్పుడు 27 సెకన్లు నిలుస్తోంది.

సెప్టెంబరులో ఒక విషయం నన్ను చాలా ఆలోచింపజేసింది. శ్రుతి చూపించే ఆప్‌లో నా గాంధారం ఎప్పుడూ కొంచెం తక్కువగానే కనిపించేది. కీబోర్డులో షడ్జమానికీ అంతర గాంధారానికీ మధ్య దూరం 400 సెంట్లు (స్వరాల మధ్య దూరాన్ని కొలిచే ప్రమాణం) కాగా, తంబూరా నాదంలో సహజంగా వినిపించే గాంధారం దాదాపు 386 సెంట్ల దగ్గర ఉంటుంది. నా చెవికి చిన్నప్పటినుండి అలవాటైనది ఆ రెండోదే. వాద్యం లేకుండా నలుగురం కలిసి పాడినప్పుడు ఆ గాంధారమే చక్కగా కుదురుతుందని, కీబోర్డు మోగుతున్నప్పుడు మాత్రం దాని వెంటే నడవాలని మాస్టారు చెప్పారు. నా చెవిలో లోపం లేదని తెలిసి ఎంతో ధైర్యం వచ్చింది.

తెలుగు ఉపాధ్యాయురాలిగా నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించినది అక్టోబరులో ఎదురైంది. పాశ్చాత్య బాణీలకు రాసిన తెలుగు అనువాద గీతాలలో గురులఘువులు తరచు బాణీకి బలి అవుతాయి. సాగే స్వరం మీద ‘వరము’ పడితే వినేవారికి ‘వారము’ అని వినిపిస్తుంది. బలహీనమైన దెబ్బతో మొదలయ్యే బాణీలో ‘దయ’ అనే మాట ‘దయా’ అవుతుంది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి రచనలలో ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే అవి రాగతాళాల నడకలోనే పుట్టాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట తల మీద రాగం, తాళం అచ్చువేసి ఉండడం ఊరికే కాదు. మాస్టారి అనుమతితో మేము అనువాద గీతాల్లో ఒక పద్ధతి పాటించాం. లఘువు మీద పొడవైన స్వరం వచ్చిన చోట ఒక దెబ్బ మాత్రం పాడి, మిగిలిన కాలం మౌనంగా విడిచిపెట్టాం. మొత్తం పదకొండు చోట్ల పెన్సిలుతో గుర్తు పెట్టాం. బృందమంతా ఒకేసారి ఆపడానికి రెండు వారాలు పట్టినా, మాట మాటలాగే వినబడింది.

నవంబరులో వాద్యం లేకుండా పాడిన ఒక పాట నాలుగు శ్రుతిలో మొదలై, నాలుగో చరణం ముగిసేసరికి మూడు శ్రుతికి దిగిపోయింది. రికార్డు చేసి వింటే అవరోహణలోనూ, ఒకే స్వరం మళ్లీమళ్లీ వచ్చే చోట్లా జారుతున్నామని తెలిసింది. రెండోదే ఎక్కువగా ఆల్టోలది. మళ్లీ వచ్చే ప్రతి స్వరాన్నీ ముందుదానికంటే పైన ఉన్నట్లు భావించి పాడడం, ప్రతి చరణం తరువాత కీబోర్డుతో సరిచూసుకోవడం చేశాం. డిసెంబరులో క్రిస్మస్ ఆరాధన నాటికి అదే పాట మొదలైన శ్రుతిలోనే ముగిసింది. చివరి స్వరం మీద మాస్టారు కీబోర్డు మీట నొక్కి మా వైపు చూసి తల ఊపిన ఆ క్షణం కోసమే నేను ఆర్నెల్లు శ్రమించానేమో అనిపించింది.

జనవరిలో కీరవాణి రాగం స్వరాలతో నడిచే పాట ఒకటి మొదలుపెట్టాం. సోల్ఫాలో ఇలాంటి పాటకు షడ్జమం డో కాదు, లా. పంచమం మీ అవుతుంది. పై షడ్జమానికి ముందు వచ్చే కాకలి నిషాదాన్ని (ని) సే అంటారు. చదువుతుంటే ఆ సే దగ్గర ఇంకా ఆగిపోతున్నాను. అందువల్ల ఈ వారం నుండి సరళీ వరుసలను లా మొదలుగా పాడుతున్నాను, రోజుకు పది నిమిషాలు.